టోలుయీన్ ఇంటికి రాదు

మా వదిన కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేస్తుంది. ఇంట్లో ఉప్పు డబ్బా అడిగితే తడుముకుంటుంది గానీ, ల్యాబులో ఏ సీసా ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెబుతుంది. అన్నింట్లోకీ టోలుయీన్ కబుర్లే ఎక్కువ. చూడటానికి నీళ్లలా ఉంటుందట, కొత్తగా రంగేసిన తలుపు వాసనట. రంగుల్ని పలచన చేస్తుంది, జిగురు కరిగిస్తుంది.

ఆ చివరి ముక్క అమ్మ చెవిన పడింది. నాన్న ఫొటో మా ఇంట్లో ఒకే ఒక్కటి. చిరుగుతోందని ఎప్పుడో అమ్మే టేపు అంటించింది. అది ముదిరి, పసుపెక్కి నాన్న ముఖాన్ని మింగేసింది. నేను పుట్టేసరికే నాన్న లేడు. నేనెరిగిన నాన్న ఆ పసుపు పట్టీయే.

"చిన్న సీసాలో కాస్త తెచ్చిపెట్టవే అమ్మాయ్," అంది అమ్మ.

"చుక్క కూడా తేను అత్తయ్యా. దాని ఆవిరి గాలికన్నా బరువు. నేలమీద పాక్కుంటూ మీ పొయ్యి దాకా వెళ్తే ఫొటో సంగతి దేవుడెరుగు, ఇల్లే మిగలదు. పీలిస్తే తల తిరుగుడు అదనం. మా దగ్గరే మూత బిగించి, ఇనుప బీరువాలో పెట్టి తాళం వేస్తాం. నిప్పునీ, నైట్రిక్ యాసిడ్‌నీ దాని ఛాయలకి రానివ్వం."

"అడిగిన పాపానికి పాఠం చెప్తావేంటే!"

అమ్మ మూతి ముడుచుకుంది. ఆపైన మాటలన్నీ నా ద్వారానే. "కూర చల్లారిపోతోందని మీ వదినకి చెప్పు!" పక్కనే కూర్చున్న వదిన నవ్వు ఆపుకోలేక చచ్చేది.

చివరికి ల్యాబులో పెద్దసారు అనుమతి తీసుకుని, వదిన మా ఇద్దరినీ అక్కడికే తీసుకెళ్లింది. ముందు తన చిన్ననాటి ఫొటోకి టేపు అంటించి, దానిమీద ప్రయత్నించింది. "పాడైతే నా మొహమే కదా," అంది. అమ్మ అప్పుడే సగం కరిగిపోయింది.

తరవాత నాన్న వంతు. ఆవిరిని బయటికి లాగేసే అద్దాల అరలో, చేతికి తొడుగులేసుకుని, టేపు అంచున టోలుయీన్‌లో ముంచిన దూది అద్దింది. బ్లేడుతో మెల్లగా లేపింది. పట్టీ ఊడొచ్చింది.

ఉంగరాల జుట్టు. గడ్డం మీద సొట్ట, అచ్చం నాకున్నట్టే. నాకు ఏడుపొచ్చేసింది.

అమ్మ అద్దానికి దగ్గరగా వంగి చూసింది. "ఎంత కుర్రాడో చూడవే ఆయన! ఈ నెరిసిన తల చూస్తే నన్ను గుర్తుపడతారంటావా?" అంది వదినతో.

"మీరు నోరు విప్పండి అత్తయ్యా, ఇట్టే గుర్తుపడతారు."

అమ్మ వదిన భుజం మీద ఒక్కటిచ్చింది. ఇచ్చిన చెయ్యి మళ్లీ తియ్యలేదు.