ఎత్తిపెట్టినానని చెప్పిన మాట

తొమ్మిదేళ్లయింది. మా ఆయనకు చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నేను మోస్తున్నది అరచేతిలో పట్టే ఒక నల్ల పెట్టె. పావు కిలో కూడా తూగదు. దాన్ని మోయలేక అలిసిపోయాను.

ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీసే ఒక పెద్దాయన దగ్గర పనిచేసేదాన్ని. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు, నేనూ అంతే. గ్రాఫు కాగితం మీద ఒక్కో గడీ రంగు నింపుతూ అంచులు, కొంగులు గీసేవాడు. నలభై ఏళ్ల పని. ఆ గ్రాఫులన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. అవన్నీ ఎక్కేసరికి కంప్యూటర్ నిండిపోయింది. మంచి హార్డ్ డిస్క్ చూసి తెమ్మని నన్ను అనంతపురం పంపాడు.

అంగడాయన బల్ల మీద రకరకాలు పరిచాడు. లోపల పలక తిరిగే రకానికి చోటెక్కువ, కానీ నడుస్తుండగా కింద పడితే అంతే సంగతులన్నాడు. ఏదీ తిరగని రకానికి చోటు తక్కువ, దెబ్బకు ఓర్చుకుంటుంది. పని ముఖ్యమైతే చిన్నవి రెండు తీసుకోమ్మా, ఒకటి పనిచేసే చోట, ఒకటి ఇంట్లో ఉంచుకోండి అన్నాడు. అర్థం కాలేదని ఇప్పుడు అబద్ధమాడను. అర్థమయ్యి కూడా, తిరిగే రకంలో పెద్దది ఒక్కటి తీసుకున్నాను. ఎందుకు? డిజైన్లు పోగా బోలెడు చోటు మిగులుతుంది, అందులో నా సినిమాలు, మా పాప ఫొటోలు పెట్టుకోవచ్చని. తర్వాత జరిగింది పొరపాటేనని నాకు నేను ఎంత సర్దిచెప్పుకున్నా, ఆ అంగట్లో పుట్టిన వంకర బుద్ధి అడ్డం వస్తుంది.

మా వైపు దేన్నయినా భద్రంగా దాచమనాలంటే ఎత్తిపెట్టమంటారు. గింజలైనా అంతే, నగలైనా అంతే. ఉస్తాద్ కూడా అన్నీ దాంట్లోకి ఎత్తిపెట్టమన్నాడు. నేను అక్షరాలా అదే చేశాను. కాపీ చేయాల్సింది కట్ చేశాను. ఇక్కడ తీసి అక్కడ పెట్టాను. కంప్యూటర్ తేలికై చురుగ్గా నడిచింది, నాకు సంతోషం కూడా వేసింది. ఎత్తిపెట్టినావా అని అడిగాడు. ఎత్తిపెట్టినా అన్నాను. ఆ మాట నమ్మి గ్రాఫుల బస్తాలు తన భార్య బీబమ్మకు ఇచ్చేశాడు.

మా ఇళ్లలో పాత కాగితాలకు ఒకటే గతి. బీబమ్మ వాటిని మెంతులతో నానబెట్టి, రుబ్బి, వెదురు గంపలకు పూసింది. రుబ్బుతుంటే నేను పక్కనే కూర్చున్నాను. ఇంకో కాపీ లేదు, ఆగు బీబమ్మా అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. అంటే మొదటే రెండెందుకు తేలేదని ఉస్తాద్ అడుగుతాడు. శనక్కాయలు పోసుకోమని నాకూ ఒక గంప ఇచ్చింది. దాని మీద అక్కడక్కడా ఎర్ర గడులు కనిపించేవి.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టెను ఇంట్లో టీవీకి తగిలించి సినిమా చూస్తున్నాను. అడగకుండా తెచ్చుకోవడం అది మొదటిసారి కాదు. దుమ్ముగాలి లేచింది. ఆరేసిన బట్టల కోసం పరుగెత్తబోతే కాలికి వైరు తగిలి, పెట్టె గూట్లోంచి బండల మీద పడింది. మళ్లీ తగిలిస్తే లోపల టిక్కు టిక్కుమని శబ్దం, ఇంకేమీ లేదు. సోమవారం తీసుకెళ్లి ఉస్తాద్ బల్ల సొరుగులో ఎప్పటిలా పెట్టేశాను. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

మూడు వారాలకు ఒక మగ్గాలాయన పాత కొంగు డిజైను కావాలని వచ్చాడు. ఏమీ తెలియనట్టు పెట్టె తగిలించాను. కంప్యూటర్లో ఎందుకు లేవని ఉస్తాద్ అడగలేదు. ఎత్తిపెట్టిన వస్తువు పాత చోట ఎందుకుంటుంది? అక్కడ ఖాళీ అయిన జాగాలో కొత్త పనులు ఎప్పుడో నిండిపోయాయి. తెరుచుకోని పెట్టెను బాగుచేయించడానికి బెంగళూరు పంపారు. ఎక్కడో పడిందని, లోపలి పలక గీసుకుపోయిందని, ఏమీ రాదని వెనక్కి పంపారు. అప్పటికే ఉస్తాద్ కుడిచెయ్యి కొంచెం వణికేది.

"పడిందంట పాపా. యాడ పడింది?"

నేను పెట్టె వైరు చుట్టడం మొదలుపెట్టాను.

"మొన్న కండ్లద్దాల కోసం సొరుగు తడివినా. ఏదో కింద పడినట్టు ఇనపడింది. నా చెయ్యి తగిలిందేమో."

"తగిలుండొచ్చు, ఉస్తాద్."

ఆ రోజు కింద పడింది కళ్లద్దాల డబ్బా. తీసి ఇచ్చింది నేనే. ఆ మాట అనేటప్పుడు నా గొంతు కూడా తడబడలేదు. ఆయన కోప్పడలేదు. రెండేళ్ల నీ కష్టం మట్టిపాలు జేసినా పాపా అని నన్ను ఓదార్చాడు. నన్ను!

తర్వాత ఆయన మళ్లీ గీయలేదు. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకునేవాడు. మనవరాల్ని ఎత్తుకోమంటే, వద్దు, ఈ చెయ్యి పడేస్తాది అనేవాడు. వచ్చినవాళ్లందరికీ తప్పు నా చెయ్యిదే అని తానే చెప్పేవాడు. నేను పక్కన కూర్చుని వినేదాన్ని. ఎందుకు నోరు విప్పలేదు? పని పోతుందనా? మొదట్లో అదే. తర్వాత, ఆయన ఎలాగో తట్టుకున్నాడు, ఇప్పుడు చెబితే రెండోసారి చంపినట్టవుతుందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. పిరికితనానికి జాలి అని పేరు పెట్టుకున్నాను.

ఇప్పుడు నాకు సొంతంగా డిజైన్ సెంటర్ ఉంది. ఏ డిస్క్ కొనాలో అందరూ నన్నే అడుగుతారు. తిరగని రకం రెండు కొనండి, కట్ చేయకండి, కాపీ చేయండి, తెరిచి చూసుకున్నాకే పాతది తీసేయండి అంటాను. జాగ్రత్త గల మనిషి అని పేరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాలింది నా చేతులు కూడా కాదు.

ఈ ఎండాకాలం ఉస్తాద్ పోయాడు. పోయే ముందు చూడ్డానికి వెళ్లాను. చెప్పాలనే వెళ్లాను. బీబమ్మ వంటింట్లోకి పోయేదాకా కాచుకున్నాను. పోయింది. నోరు తెరిచి, మజ్జిగ తాగుతారా ఉస్తాద్ అని అడిగాను.

చెయ్యి జేసిన పనికి కుమిలి కుమిలి పోయినాడు అని బీబమ్మ ఇప్పుడు అందరికీ చెబుతోంది. ఊళ్లో ఆ మాటే నిలిచిపోయింది. రేపు వెళ్లి ఆమెకు నిజం చెబుతానని మీకు మాటివ్వను. నా సంగతి నాకు తెలుసు, చెప్పను. క్షమించమనీ అడగను, ఆ మాట అనగలిగిన మనిషి లేడు. తొమ్మిదేళ్లుగా నోట రాని ముక్కను ఒక్కసారి రాసి చూసుకోవాలనిపించింది, అంతే.

ఉస్తాద్ చెయ్యి తగల్లేదు. పడేసింది నేను.