అడ్డం పదిహేడు

ఉప్పల్ నుంచి నాచారం దాకా గళ్ళనుడికట్టు నింపడంలో నన్ను మించినవాడు లేడు. ఈ మాట నేనే అంటున్నాను, ఎందుకంటే ఇంకెవరూ అనలేదు.

ముఖ్యంగా ఒక వారపత్రిక వేసవి సంచికలో వచ్చిన గళ్ళు. జవాబులన్నిటికీ ఒకటే చుట్టరికం, అదేమిటో మీరే పట్టుకోండి అని పైన రాసి ఊరుకున్నారు. ఆధారాలు చూస్తే పైకొకటి, లోపలొకటి. "దినకూలిలో కూలి పోతే మిగిలింది వెనక్కి పారింది" అన్నాడనుకోండి, మిగిలిన 'దిన'ను వెనక్కి తిప్పి 'నది' అని రాయాలి. అలాంటివి ముప్పై. అన్నీ ఆదివారం టిఫినుకు ముందే ఒంటిచేత్తో పూర్తిచేశాను.

ఏ ఆదివారమో చెప్పలేదు కదా. మూడో ఆదివారం. ఒంటిచేత్తో అన్నది మాత్రం నిజమే, పెన్సిలు నా చేతిలోనే ఉండేది. బుర్రలు మూడు.

రెండో బుర్ర మా వీధి చివరి టీచరమ్మది. బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. ఆదివారం చర్చి నుంచి నేరుగా మా వరండాకే వచ్చేది. మూడోది సిటీ బస్సు కండక్టరుది, మేడిపల్లి మనిషి. ఒకసారి బస్సులో నా భుజం మీదుగా తొంగిచూసి, టికెట్టు కొట్టడం మాని జవాబు కొట్టాడు. అప్పటినుంచి దోస్తీ.

ఆ వారపత్రికవాళ్ళు తప్పుల్లేకుండా నింపినవారి పేర్లు పై వరసలో, ఒకటి రెండు తప్పులు చేసినవారివి కింద అచ్చువేసేవాళ్ళు. ఏడేళ్ళుగా నా పేరు 'ఒక తప్పు' వాళ్ళలో పడుతోంది, లేకపోతే 'రెండు తప్పుల' వాళ్ళలో. ఒక్కసారైనా పై వరసలో చూసుకోవాలని నా తాపత్రయం. మా ఆవిడకు ఆ సంగతి తెలుసు కాబట్టి ఆ మూడు వారాలూ కూరగాయలు తనే తెచ్చుకుంది.

మొదటి ఆదివారం నది, చెలమ, ఏతం పడగానే చుట్టరికం పట్టేశాను. అన్నీ నీళ్ళ మాటలే. (పట్టింది టీచరమ్మ. గట్టిగా అన్నది నేను.) రెండో ఆదివారానికి ఒక్కటి తప్ప అన్నీ నిండాయి. ఆ ఒక్కటీ అడ్డం పదిహేడు: "వత్తు తీసి, సున్న చెరిపితే సాంబ్రాణి పొగకూ గొంతెండుతుంది." రెండు గళ్ళు.

"దప్పి అని రాయండన్నయ్యా," అంది టీచరమ్మ.

"రెండో గడి నుంచి కిందికి 'పడవ' పడింది కదమ్మా. దాన్ని 'ప్పిడవ' చెయ్యమంటావా?"

సాంబ్రాణి పొగ ధూపం. సున్న చెరిపితే ధూప. వత్తు తీస్తే దూప. రాసి చూశాను. వింతగా కనబడింది. ఇంట్లో ఉన్న చిన్న నిఘంటువులో లేదు. "అసలిలాంటి మాటే లేదు," అని తేల్చేశాను. టీచరమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. ఆ రోజు కండక్టరుకు డ్యూటీ పడి రాలేదు.

నేను ఊరుకుంటానా! సోమవారం పొద్దున్నే పత్రికకు కార్డు పడేశాను: "అడ్డం పదిహేడు తప్పు. దూప అనే మాట తెలుగులో లేదు. ఇకనైనా భాష వచ్చినవారిచేత గళ్ళు కట్టించండి."

మూడో ఆదివారం కండక్టరు వచ్చాడు. మెట్రో స్తంభాల కోసం రోడ్డు తవ్వుతున్న రోజులు. హబ్సిగూడ దగ్గర బస్సు గంటసేపు కదల్లేదట. ఖాకీ చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. మెట్టు మీద కూలబడి లోపలికి కేకేశాడు.

"వదినా, జర నీళ్ళియ్యరాదు! మస్తు దూపైతున్నది."

నా పెన్సిలు ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"నీళ్ళడిగిన. అది గూడ తప్పేనా?"

"కాదు, చివర్న ఏమన్నావ్?"

"దూపైతున్నదన్న. ఏందన్నా, ముప్పయ్యేండ్ల సంది ఈడి నీళ్ళు తాగుతున్నవ్, దూప తెల్వదా?"

"ఆయనకు దూపెక్కడిదయ్యా," అంది మా ఆవిడ చెంబు తెస్తూ, "అడక్కముందే నోటి దగ్గర పెడుతుంటే!"

అందరం నవ్వాం. ఆ ఊపులో నా కార్డు సంగతి కూడా చెప్పేశాను. కండక్టరు నవ్వలేదు. నీళ్ళు తాగి, చెంబు పక్కన పెట్టాడు.

"మా అమ్మ మాట లేదని రాసినవా?"

రాష్ట్రం వస్తుందా రాదా అని ప్రతి టీకొట్టులోనూ వాదనలు నడుస్తున్న రోజులవి. అయినా వాటికన్నా ఆ గొంతు నాకు ఎక్కువ తగిలింది. టీచరమ్మ మధ్యలో అందుకుంది.

"తప్పు నాదే తమ్ముడూ. మా ఇంట్లోనూ దూపే అంటాం. కానీ బడిలో పిల్లల పుస్తకాల్లో కనబడితే ఎర్ర సిరాతో కొట్టేసేదాన్ని. పోయిన వారం నోటిదాకా వచ్చింది. కొట్టేసిన మాటను జవాబుగా ఎలా చెప్పను?"

కండక్టరు ఆమె వైపు చూశాడు, తర్వాత నా వైపు.

"లేదని రాసినోనివి నువ్వే. ఉన్నదని గూడ నువ్వే రాయి."

జవాబులు మాత్రం పంపి చేతులు దులుపుకుందామనుకున్నాను, దాచడమెందుకు. కానీ పత్రికవాళ్ళ దగ్గర నా కార్డుంది. అందుకని గళ్ళతోపాటు ఒక ఉత్తరం రాశాను. మాట ఉంది, లేనిది నా తెలివి. మాట చెప్పింది మా కండక్టరు, చుట్టరికం పట్టింది మా టీచరమ్మ అని. టీచరమ్మ దాంట్లో రెండు తప్పులు దిద్దింది.

నెల తిరక్కుండా పై వరసలో నా పేరు పడింది. మొట్టమొదటి పేరు. సరే, నాలుగోది. మొత్తం ఆరుగురే. దాని కిందే నా ఉత్తరం, ఒక్క అక్షరం వదలకుండా. కాలనీ అంతా చదివింది. నేనే ఇంటింటికీ తీసుకెళ్ళి చదివించాను.

కండక్టరు ఆ పేజీ మడిచి టికెట్ల సంచిలో పెట్టుకున్నాడు. "పేరు నీది, దూప మాది," అన్నాడు. తర్వాత ఎప్పుడు ఉప్పల్లో ఆయన బస్సెక్కినా పక్కవాళ్ళకు నన్ను చూపించేవాడు: "గీ సారుకు తెలుగు నేనే నేర్పిన."

నేర్పలేదు. నీళ్ళడిగాడు, అంతే. అయినా నేను ఒక్కసారి కూడా కాదనలేదు. తలెత్తి, అందరికీ కనబడేలా కూర్చునేవాణ్ణి.