కొబ్బరి చిప్పల్లో గొల్లభామలు

మా బావ పోయాడని మా అక్కే వచ్చి చెప్పింది. పొద్దున్నే వాకిట్లో కూర్చుని విత్తనానికి వేరుశనగకాయలు వలుస్తున్నాను. "లెయ్యిరా. మీ బావ పలకతా లేడు," అంది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

నాది ఊరి బడి చదువు. మాట్లాడటం అంతకన్నా తక్కువ. ఆయనతో అనవలసిన మాట ఒకటి అనలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది మడకశిర దిక్కు. మా బావ మొదట్లో పట్టుపురుగులు సాకేవాడు. బావి ఎండి మల్బరీ తోట పోయాక వెదురు తట్టలు చూరుకెక్కాయి. నాలాగే వేరుశనగ వేశాడు. ఇద్దరి చేలకూ నడుమ ఒకటే గట్టు. గొంగళి పురుగు పడితే ఊరంతా మందుపొడి చల్లేవాళ్లం. ఒక ఏడు ఆ పొడి పడిన గడ్డి తిని ఆయన ఎద్దు చచ్చింది. ఇక తన చేలోకి పొడి రానివ్వనన్నాడు. ముందుకాళ్లు జోడించి నిలబడే గొల్లభామ అనే పచ్చపురుగు గొంగళిని తల నుంచి నమలడం చూశాడట. వాటినే పెంచి చేలో వదులుతానన్నాడు.

కంపచెట్ల పుల్లలకు ఎండిన నురగలా అంటుకుని ఉండే వాటి గుడ్లగూళ్లు ఏరి తెచ్చాడు. చీమలంత పిల్లలు పుట్టాయి. పట్టుపురుగులు సాకిన చెయ్యి కదా, అన్నిటినీ ఒకే తట్టలో వేసి పైన పాత చీర కట్టాడు. పట్టుపురుగులు వెయ్యి ఉన్నా ఒకదాన్నొకటి ముట్టవు. ఇవి నాలుగు రోజుల్లో ఒకదాన్నొకటి తిని పిడికెడు కూడా మిగల్లేదు.

"తప్పు వాటిది గాదు. ఆకలైనోళ్లను ఒక తావున పెడితిని," అన్నాడు.

మరుసటి ఏడు కొబ్బరి చిప్పలు పోగుచేశాడు. చిప్పకొక పిల్ల, పైన గుడ్డ. ఈగలు పట్టి వేసేవాడు. పెద్దవయ్యాక ఆడదానికి కడుపునిండా మిడతలు పెట్టి, అప్పుడే మగదాన్ని దగ్గరికి వదిలేవాడు.

"ఏమప్పా, పెండ్లిండ్లు జేస్తాండావంట, మాకు భోజనాలు ల్యావా?" అనేవారు దారిన పోయేవాళ్లు.

"ఈడ పెండ్లికొడుకునే తింటారప్పా. మీరు రావద్దండి," అనేవాడు.

ఒక ముసలాయన చిప్పలోకి తొంగి చూసి, "పాపం, వానకు దండం పెడతాండాది," అన్నాడు.

"దండం గాదన్నా, ఆకలి. ఆ చేతులు పురుగును పట్టుకొనేకి," అన్నాడు మా బావ.

మూడో ఏడు తన ఇంట్లో పెట్టిన గుడ్ల నుంచే పిల్లలు వచ్చాయి. కాస్త పెరిగాక చిప్పలన్నీ గంపలో మోసుకుపోయి చేలో వదిలాడు. ఆ రోజు పిలిచి మరీ నాకు చూపించాడు. మరునాడు నా చేలో గొంగళి కనబడింది. గాలి నా వైపు నుంచి ఆయన వైపే వీస్తోందని తెలుసు. అయినా పొడి చల్లాను.

సాయంత్రం ఆయన మొక్కమొక్క కిందా వెతుకుతుంటే గట్టు ఇవతల నిలబడ్డాను. చివరికి ఆయనే, "గాలి అట్ల తిరిగిందిలేప్పా," అన్నాడు. గాలి తిరగలేదు. అది ఆయనకూ తెలుసు.

ఆ ఏడు వాన రాలేదు. పురుగు తప్పిన నా చేనూ ఎండిపోయింది.

ఆ తర్వాతా ఏటా పెంచాడు. చేలో మాత్రం వదల్లేదు. గుట్ట మీద కంపల్లో విడిచి వచ్చేవాడు. ఎందుకని నేను అడగలేదు.

ఆయన దినాల నాడు కాస్త తుంపర పడింది. చూరులో ఆయన దాచిన పుల్లకు గూడు విచ్చుకుని, పిల్లలు సన్నని దారాలకు వేలాడాయి. కోడి ఈకతో ఒక్కొక్కటీ చిప్పల్లోకి తీశాను. చిప్పలు అయిపోయాయి. ఈ ఏడు గుట్ట మీది కంప కూడా పొయ్యిల్లోకి పోయింది. చేలో ఎర్రమన్ను తప్ప ఏమీ లేదు. మిగిలిన పిల్లలన్నిటినీ ఒకే పాత తట్టలో వేసి గుడ్డ కప్పాను.

మూడో రోజు అక్క తట్ట మీది గుడ్డ తీసింది. "సూడరా, మీ బావకు దండం పెడతాండాది," అంది.

వంగి చూశాను. జోడించిన ఆ చేతుల మధ్య ఇంకో పిల్ల ఉంది.

అక్కకు చూపు ఆనదు. తట్ట మీద గుడ్డ మళ్లీ కప్పాను.