చెల్లని ఒప్పుకోలు

మెతోద్ వావ్రెక్ బతికున్నన్నాళ్లూ టీవీలో ఒక్క హంతకుణ్ణి కూడా హంతకుడని ఒప్పుకోలేదు. హంతకుడు తనంతట తానే లేచి నిలబడి, ఏడ్చి, ముక్కు చీది ఒప్పుకున్నా సరే, ఈయన మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

ఆ రోజుల్లో శనివారం సాయంత్రం ఏడున్నరకి కోర్టు సీరియల్ వచ్చేది. ఆ గంటసేపూ అమెరికాలోని మా స్లేట్ ఫోర్క్ ఊళ్లో స్టీలు మిల్లు కొలిమి తప్ప ఇంకేదీ పనిచేసేది కాదు. కథ ఎప్పుడూ ఒకటే. పోలీసులు ఒక అమాయకుణ్ణి పట్టుకుంటారు. వకీలు వస్తాడు, ముప్పావుగంట కనుబొమలు ఎగరేస్తాడు. చివరి ఐదు నిమిషాల్లో బోనులో ఉన్నవాళ్లో, వెనక బెంచీలో కూర్చున్నవాళ్లో ఉన్నట్టుండి "అవును, నేనే చంపాను" అని బావురుమంటారు. ఊరంతా హమ్మయ్య అనుకుని కాఫీ పెట్టుకునేది. మెతోద్ మాత్రం కుర్చీలోంచి లేచి, తెరకేసి వేలు చూపించి, "చెల్లదు" అనేవాడు.

తప్పు ఆయనది కాదు, శనివారానిది. మా చర్చి పరిధిని మేం విచారణ అంటాం. ఆ విచారణ గురువు ఫాదర్ ఒండ్రెయ్ శనివారం నాలుగింటి నుంచి ఆరున్నర దాకా, ఒక్కొక్కరూ వచ్చి పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనాలు వినేవారు. అక్కడ మోకాళ్ల మీద నుంచి లేచి, ఇంటికెళ్లి క్యాబేజీ చుట్టలు తిని, టీవీ ముందు కూర్చుంటే అక్కడా పాపసంకీర్తనమే. చర్చిదీ విచారణే, కోర్టుదీ విచారణే. మెతోద్‌కి రెండూ కలిసిపోయాయి.

"ఒప్పుకోలంటే ఏమిట్రా యుర్కో?" అని నన్ను అడిగేవాడు. "చీకట్లో, జాలీ వెనక, గురువు చెవిలో చెప్పేది. నలుగురి ముందు చెప్పింది ఒప్పుకోలు కాదు, గోల. గోల చెల్లదు."

ఆయన వృత్తికి బూట్లు కుట్టేవాడు. మనుషుల ముఖాలు ఆయనకి ఆట్టే గుర్తుండేవి కావు. వీధిలో నమస్కారం పెడితే ముందు కిందికి చూసి, ఆ తర్వాత పేరు పెట్టి పలకరించేవాడు. ఆయన సాక్ష్యాధారాలన్నీ బూట్లే. అరిగిన మడమ అబద్ధం చెప్పదనేవాడు. ఆయన బాధల్లా ఒకటే, ఆ సీరియల్‌లో కెమెరా నడుం కిందికి దిగేది కాదు.

మా వూరి పత్రిక బుధవారం బుధవారం 'ప్రేక్షకుల మాట' అని ఒక పేజీ వేసేది. అందరూ రెండు ముక్కలు రాసేవారు. ఎపిసోడ్ బాగుంది, వకీలు సూటు బాగుంది, అంతే. మెతోద్ మాత్రం మూడు పేజీలు పంపేవాడు. ఆయన చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. నేను అప్పుడు పోస్టుమ్యాన్‌ని. అంతకంటే ముఖ్యం, మఠం బడిలో సిస్టర్ బెనెడిక్టా బెత్తంతో దిద్దించిన దస్తూరి నాది. ఇప్పటికీ పెద్ద బడి ఇంగ్లీషు అక్షరాలు రాస్తుంటే నా వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. సోమవారం నా తిరుగుడు అయ్యాక దుకాణానికి వెళ్లి స్టూలు మీద కూర్చునేవాణ్ణి.

"రాయి. అయ్యా, ముగ్గురు భార్యలకి విషం పెట్టానని బ్యాంకు మేనేజరు ఒప్పుకోవడం చెల్లదు."

"మూడు సీసాలూ దొరికాయి కదా బాబాయ్."

"బోనెక్కుతుంటే క్షణం పాటు బూట్లు కనిపించాయి. నాడాలు రెండు ముళ్లు వేసుకున్నాడు. రెండు ముళ్లు వేసుకునేవాడికి ఓపిక ఎక్కువ. ఓపిక ఉన్నవాడు విషం దాకా పోడు, వాళ్లే పోయేదాకా ఆగుతాడు. రాశావా?"

"రాశాను."

"కింద రాయి. కెమెరా అతనికి కాళ్లు చూపించమని చెప్పగలరు."

ప్రతి ఉత్తరం చివరా ఆ మాట ఉండేది. ఒక ఉత్తరం చదివి పక్క ఊళ్లో రిటైరైన జడ్జి ఒకాయన, తాను పాతికేళ్లలో ఇచ్చిన తీర్పులన్నీ గుర్తొచ్చి మూడు రోజులు సూపు ముట్టలేదని ఊళ్లో చెప్పుకున్నారు. చెప్పుకున్నది నేనే.

ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సుకాలం వస్తే మా వాళ్లు ఉపవాసంగా తలా ఒకటి మానేసేవారు. వేరోనా బెన్యో కాఫీలో చక్కెర మానేసి, ఆ చేదంతా మాటల్లో పెట్టేది. "నువ్వు కూడా ఈ నలభై రోజులూ ఆ హంతకుల్ని వదిలెయ్యకూడదూ?" అని అడిగింది మెతోద్‌ని.

"వాళ్లేం పాపం చేశారు?" అన్నాడు మెతోద్.

అరవై ఒకటిలో ఆ తపస్సుకాలంలోనే మా ఊరికి కష్టం వచ్చింది. యొలానా మిఖాల్కో కూతురు లిద్యా, ఆరేళ్ల కిందట నటినవుతానని కాలిఫోర్నియా వెళ్లింది. పేరు కుదించుకుంది, జుట్టు రంగు మార్చుకుంది, సబ్బు ప్రకటనలో ఒకసారి చేతులు మాత్రం కనిపించాయి. ఆ చేతుల్ని చూడ్డానికే యొలానా ఊరందరినీ పిలిచింది. అలాంటిది ఒకరోజు ఉత్తరం వచ్చింది. "అమ్మా, శనివారం కోర్టు సీరియల్‌లో ఉన్నాను. మంచి పాత్ర. చివరిదాకా ఉంటాను. ఈస్టర్‌కి ఇంటికి వస్తున్నాను."

యొలానా దాన్ని మంచి పిల్ల పాత్ర అనుకుంది. ఊరంతా అలాగే చెప్పింది. ఫాదర్ ఒండ్రెయ్ ఆదివారం పూజలో ప్రకటించారు. చర్చి హాల్లోకి టీవీ మోయించారు. యొలానా వాల్‌నట్లు పెట్టి చుట్టిన రొట్టెలు పదహారు చేసి తెచ్చి, ముందు వరసలో కూర్చుంది.

లిద్యా లైబ్రరీలో పనిచేసే పిల్ల. తెల్ల కాలరు, కళ్లద్దాలు. నలభై ఐదు నిమిషాలు ఎంత మర్యాదగా ఉందంటే, వేరోనా కూడా "పెంపకం" అంది మెచ్చుకుంటూ. వకీలు ఆమెని బోనెక్కించాడు. బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది. రెండు ప్రశ్నలకి కళ్లద్దాలు తీసింది. మూడో ప్రశ్నకి, వానలో తోటంతా పరిగెత్తి, కిటికీ దూకి, సొంత మేనమామని కంచు గుర్రం బొమ్మతో మోది చంపానని చెప్పి, "మళ్లీ పుట్టినా చంపుతాను" అంది.

హాల్లో ఎవరూ రొట్టె నమలలేదు. అందరం మెతోద్ వైపు చూశాం. మెతోద్ లేవలేదు. "చెల్లదు" అనలేదు. తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

వేరోనా మొదలుపెట్టింది. "బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పింది. నిజమైతే హత్య. అబద్ధమైతే దొంగ ప్రమాణం. ఎటు తిరిగినా పెద్ద పాపమే."

"అది నాటకం వేరోనా," అన్నారు ఫాదర్.

"బైబిలు కూడా నాటకమేనా ఫాదర్?"

ఆ పాఠం సెమినరీలో చెప్పినట్టు లేదు, ఫాదర్ రొట్టె అందుకున్నారు. యొలానా మిగిలిన పదిహేను రొట్టెల్నీ గుడ్డలో మూటగట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు పూజకి రాలేదు. పాతికేళ్లుగా గాయకబృందంలో రెండో గొంతు ఆమెదే. ఆ ఆదివారం పాట ఒంటికాలి మీద నడిచింది.

సోమవారం ఆమె గుమ్మం దగ్గర నా కోసం కాచుకుని ఉంది. కవరు నా చేతిలో పెట్టింది.

"కాలిఫోర్నియాకి. ఈస్టర్‌కి రావద్దని రాశాను."

"ఎందుకు పిన్నీ?"

"వచ్చి ఏ ముఖంతో తిరుగుతుంది? మిల్లు గేటు దగ్గర నవ్వుతున్నారు. మేనమామలంతా జాగ్రత్తగా ఉండాలంటున్నారు."

మేనమామ మాట అన్నది నేను కాదని ఇక్కడ మనవి చేస్తున్నాను.

సాయంత్రం నేను మెతోద్ దుకాణంలో కూర్చుని కలం తీసేసరికి యొలానా లోపలికి వచ్చింది. బూట్లేమీ తేలేదు. కౌంటరు పట్టుకుని నిలబడింది.

"అన్నయ్యా, నాలుగేళ్లుగా ముక్కూ మొహం తెలియని హంతకులందరినీ విడిపించావు. నా పిల్లని కూడా విడిపించు. అది చంపలేదని పేపర్లో రాయి."

"చూద్దాంలే చెల్లీ," అన్నాడు మెతోద్. ఆమె వెళ్లాక సుత్తి పక్కన పెట్టాడు.

"మొదలుపెడదామా బాబాయ్? ఈ ఒప్పుకోలు చెల్లదు, అంతేగా?"

"అలా రాస్తే ఏమవుతుంది?"

"ప్రతి వారంలాగే."

"ప్రతి వారం ఏం చేస్తారు?"

నేను కలం పాళీ తుడుచుకున్నాను. ప్రతి వారం ఊరంతా ఆ పేజీ చదివి, కడుపు పట్టుకుని నవ్వేది. ఆ సంగతి ఆయనకి తెలియదనుకున్నాను.

"నేను నిర్దోషి అన్నానంటే ఆ పిల్ల పరువు పూర్తిగా పోయినట్టే," అన్నాడు మెతోద్. "రావద్దన్న ఉత్తరం ఎక్కడుంది?"

"నా సంచీలో. ఆరు గంటల బండికి వెళ్లిపోతుంది."

"నీ సంచీ లోపలి గుడ్డ చిరిగినట్టుంది."

"చిరగలేదు బాబాయ్. గవర్నమెంటు సంచీ."

తోలు కోసే కత్తి తీసి, సంచీ లోపల జానెడు పొడుగున కోశాడు. కవరుని ఆ సందులోకి జాగ్రత్తగా జార్చాడు. "ఇప్పుడు చిరిగింది. బుధవారం దాకా కుట్టడానికి నాకు తీరిక లేదు. ఇక రాయి."

ఆ ఉత్తరం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"అయ్యా. ఇది నా నూట పదిహేడో ఉత్తరం. ఇంతకుముందు నూట పదహారు మంది టీవీలో నేరం ఒప్పుకున్నారు. ఒక్కర్నీ నేను నమ్మలేదు. వాళ్లలో పెద్ద పెద్ద నటులున్నారు. మంచి బూట్లు వేసుకున్నవాళ్లున్నారు. మొన్న శనివారం లైబ్రరీ పిల్లగా వేసిన అమ్మాయి ఒప్పుకుంటుంటే మాత్రం నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. నమ్మాను. నన్ను నమ్మించిన మొదటి మనిషి ఈవిడ. ఈవిడ మా విచారణ పిల్ల, యొలానా మిఖాల్కో కూతురు. కెమెరా అతను ఈసారి కాళ్లు చూపించకపోయినా ఫరవాలేదు."

బుధవారం మధ్యాహ్నానికి ఊరు తలకిందులైంది. మిల్లు గేటు దగ్గర పత్రిక చేతులు మారింది. "మెతోద్ నమ్మాడట" అనేది తప్ప ఇంకో మాట లేదు. మెతోద్‌నే నమ్మించిందంటే అది మామూలు నటన కాదని మిల్లు ఫోర్‌మన్ తీర్పు చెప్పాడు. వేరోనా అయితే, సబ్బు ప్రకటనలో ఆ చేతులు చూసినప్పుడే తాను చెప్పానని చెప్పడం మొదలుపెట్టింది.

యొలానా గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పత్రిక, చేతులకి పిండి.

"యుర్కో, సోమవారం ఇచ్చిన ఉత్తరం..."

"సంచీ చిరిగిపోయి సందులో పడిపోయింది పిన్నీ. ఇప్పుడే కనిపించింది. క్షమించాలి."

"గవర్నమెంటు సంచీలు ఎప్పుడూ ఇంతే," అంది ఆవిడ సంతోషంగా. నా చేతిలోంచి లాక్కుని నాలుగు ముక్కలు చేసి, పత్రికలో ఆ పేజీ కత్తిరించి పెట్టిన కొత్త కవరు ఇచ్చింది. "విడిపించమని అడిగాను. అన్నయ్య శిక్ష వేయించాడు. ఎంత మంచివాడో చూడు."

లిద్యా ఈస్టర్‌కి వచ్చింది. పూజ అయ్యాక హాల్లో చుట్టూ మూగి "ఒక్కసారి ఒప్పుకోమ్మా" అని అడిగారు. ఒప్పుకుంది. ఆ తర్వాత ఏ ఇంటికి పిలిస్తే ఆ ఇంట్లో ఒప్పుకోవాల్సి వచ్చింది. నా లెక్కన మూడు రోజుల్లో పదకొండు సార్లు మేనమామని చంపింది. ప్రతిసారీ తిండి పెట్టారు. పన్నెండోసారి అడిగితే, ఇక చంపే ఓపిక లేదంది.

తిరిగి వెళ్లే ముందు మెతోద్ దుకాణానికి వచ్చింది. నేను స్టూలు మీదే ఉన్నాను. కాగితంలో చుట్టిన ఎత్తు మడమల బూట్లు కౌంటరు మీద పెట్టింది.

"ఎపిసోడ్‌లో వేసుకున్నవి ఇవే మామయ్యా. చిన్న నటులకి బూట్లు వాళ్లు ఇవ్వరు, నావే. ఎడమ మడమ అరిగిపోయింది."

"బయటి వైపు," అన్నాడు మెతోద్, చూడకుండానే. "చర్చిలో నీ ప్రథమ సత్ప్రసాదం రోజుకి తెల్ల బూట్లు కుట్టింది నేనేగా. ఎనిమిదేళ్లప్పుడు కూడా బయటి వైపే."

ఆ పిల్ల ఆయన బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్లింది. మెతోద్ బూట్లు తిప్పి, మడమలు నాకు చూపించాడు.

"చూడు. ఇంత సన్నటి మడమ, పైగా ఎడమవైపు ఒరుగు. వానకి నానిన తోటలో రెండడుగులు వేస్తే దిగబడిపోతుంది. కిటికీ దాకా ఎలా వెళుతుంది, గుర్రం ఎలా ఎత్తుతుంది? పిల్ల నిర్దోషి."

"మరి నమ్మానని రాయించారు కదా బాబాయ్."

"రాయించాను."

"అచ్చులో అబద్ధం చెప్పారన్నమాట."

"నలుగురి ముందు చెప్పిందేగా," అన్నాడు మెతోద్, దారానికి మైనం పూస్తూ. "చెల్లదు."

కాసేపటికి అడిగాను, ఊరు నవ్వుతోందని తెలిసీ ఇన్నేళ్లుగా వాళ్లందరినీ ఎందుకు విడిపిస్తున్నాడని.

"ఆ వేషం వేసినవాళ్లందరికీ అమ్మలుంటారు కదరా. మన పేపరు చూస్తారేమోనని."

మా పత్రిక కొండకి ఇవతలి మూడు ఊళ్లు దాటి ఎరగదు. కలం తీసి నూట పద్దెనిమిదో ఉత్తరం మొదలుపెట్టాను. ఆ వారం హంతకురాలు అనాథాశ్రమం నడిపే ముసలావిడ. ఆమెవి గుడ్డ చెప్పులు, కాబట్టి నిర్దోషి.

ఇక నా సంగతి. పోస్టుమ్యాన్ ఉత్తరాన్ని రెండు రోజులు ఆపడం నేరం, దానికి శిక్ష ఉంది. యాభై ఏళ్ల తర్వాత ఇవాళ ఇంతమంది పాఠకుల ముందు ఆ నేరం నేనే చేశానని ఒప్పుకుంటున్నాను. చెల్లదనుకోండి.