మరియక్క పులుసుకు మండే రంగు గాలం

పందొమ్మిదొందల అరవై రెండో సంవత్సరం, దసరా దాటిన శనివారం, పొద్దున ఆరు గంటలకు సోమందేపల్లెలో బస్సెక్కినాను. పోయేది బుక్కపట్నం, మా మరియక్క ఇంటికి. విషజ్వరం తగ్గినా అక్క గంజి కూడా దించుకోవడం లేదు. "కొరమీను పులుసైతే తింటా" అనిందని బావ దావీదు ఒక మనిషితో చెప్పి పంపినాడు. జ్వరంపడి లేచినోళ్లకు మా పక్క కొరమీనే బలం. అదీ తినకపోతే మనిషి దక్కదని బావకు భయం. నాకూ భయమే.

బావ గాలం వేయక కాదు. కొత్త నీళ్లకు చెరువు ఎర్రగా, బురదగా ఉండాది. గాలానికి ఎరగా నిజం కప్పను కట్టినా చేప కంటికి ఆనలేదు. నేను బండిచక్రాలకు, ఎద్దుకొమ్ములకు రంగులేసేవాణ్ణి. బెంగళూరులో సినిమా బోర్డులు రాసే మా అల్లుడు ఇచ్చిన నారింజ రంగు డబ్బీ నా దగ్గర ఉండాది. వెలుతురులో మన కంటికి అందని కిరణాలు ఉంటాయంట, అతినీలలోహితం అంటారంట. వాటిని తాగి ఈ రంగు మండుతాదంట. మబ్బుపొద్దులోనూ నిప్పుకణికే. వేపకర్రతో కప్పబొమ్మ చెక్కి, గాలాలు బిగించి, ఆ రంగేసినాను. నీళ్లకు చెడకుండా పైన లక్క పూసినాను, చక్రాలకు పూసినట్టే.

పెనుకొండలో దిగి ఇడ్లీ తిని, ఎనిమిదిన్నరకు కొత్తచెరువు బస్సు పట్టుకున్నాను. బోర్డు నేనే చదువుకున్నా. తల నెరిసినాక నేర్చిన అక్షరాలు అట్లా అక్కరకొస్తాయి. పక్కన శెనక్కాయ మూటతో ఒకామె కూర్చున్నది. నా బొమ్మను చూసి, "ఏమప్పా, మనవడికా?" అన్నది.

"చేపకు."

"ఈ వయసులో చేపలకు ఆటలు నేర్పిస్తాండావా పెద్దాయనా?"

బస్సంతా నవ్వినారు. నేనూ నవ్వినాను.

కొత్తచెరువులో బస్సు మారాల. మీరు పోతే మధ్యాహ్నం బస్సును నమ్ముకోవద్దండి, ఆ పొద్దు రానేలేదు. ఎద్దులబండి పట్టుకొని రెండు గంటలకు చేరినాను.

అక్క గోడవైపు తిరిగి పండుకొని ఉండాది. "వచ్చినావా" అన్నది, అంతే. గాజులు మోచేతిదాకా జారినాయి. బావ సంకటి పెట్టినాడు గానీ నాకూ ముద్ద దిగలేదు.

బావ, నేను, చేపలు పట్టే ఓబులేసు చెరువుగట్టుకు పోయినాము. తూము పక్క జమ్ములో బొమ్మ వేసి లాగినాను. ఎన్నిసార్లు వేసినా ఊరికే వచ్చింది. కొరమీను గాలికని పైకి తేలి గుటకేసి, బొమ్మ పక్కనుంచే పోతాంది. ఓబులేసు బీడీ ముట్టించి, "మామా, నీ కప్పకు సుస్తీ చేసినట్టుండాది" అన్నాడు. బావ నవ్వలేదు.

పొద్దు గుట్ట వెనక్కి దిగింది. దారం చుట్టుకుంటా చేయి చూసుకున్నాను. బొటనవేలి గోటిమీద పడిన రంగుచుక్క కణికలా మండుతాండాది. బొమ్మ మాత్రం పాత ఇటుకలా ఉండాది. రెండూ ఒకే డబ్బీలోవి. తేడా లక్క ఒక్కటే. ఆ కిరణాలను లోపలికి పోనీయకుండా అడ్డం పడింది అదే. చక్రానికి మేలు చేసేది ఈడ కీడు చేసింది.

"కత్తియ్యి ఓబులేసా."

రంగు లేవకుండా లక్క గీకేసినాను. బొమ్మ వెలిగింది. బావ దగ్గరికి జరిగి చూసినాడు. లోతుకు పోతే బురద ఆ వెలుగును మింగుతాదని, నీళ్లమీదే ఎగిరించి లాగినాను. కాసేపటికి జమ్ము చీలింది. దారం చేతిని కోసింది. జమ్ములో చిక్కుకున్నదాన్ని ముగ్గురం గుంజితే మోచేతంత కొరమీను గట్టెక్కింది. బావ దాన్ని సంకన పెట్టుకొని, చెప్పులు కూడా మరిచి, ఇంటిదారి పట్టినాడు.

చింతపండు, మిరియాలు వేసి బావే పులుసు కాచినాడు. అక్క లేచి కూర్చున్నది. రెండు ముక్కలు తిని, "ఉప్పెయ్యడం ఎప్పుడు నేర్చుకుంటావు నువ్వు?" అని బావను తిట్టింది. బావ వాకిట్లోకి పోయి ముక్కు చీదుకొని వచ్చినాడు.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు బస్సెక్కినాను. దోవపొడుగునా శెనక్కాయ పీకుతాండారు. కడుపునిండా తిని వచ్చిన మనిషిని కాబట్టి బస్సు కుదుపులకు కూడా నిద్రపట్టింది. బుక్కపట్నం పోయేవాళ్లు చెరువు నిండిన ఏడు పోండి, పొద్దు వాలేటప్పుడు గాలం వేయండి, రంగుమీద ఏమీ పూయొద్దండి. ఆ శనివారం రాత్రి పులుసు ముందర కూర్చున్నోళ్లు: పొయ్యికాడ బావ దావీదు, అడిగి మళ్లీ పెట్టించుకున్న ఓబులేసు, నేను, గోడవైపు కాకుండా మావైపు తిరిగి కూర్చున్న మా మరియక్క.