అక్క పాటకు నాన్న చెప్పిన అర్థం

మా చిన్నప్పుడు... బహ్రెయిన్‌లో మాకు ఆదివారం శుక్రవారమే వచ్చేది. వారమంతా మామీర్‌లో స్టోర్‌కీపర్‌గా పని చేసే నాన్న ఆ సెలవు రోజు మా క్రైస్తవ సంఘానికి పెద్ద. అరాద్‌లో అద్దెకు తీసుకున్న హాలులో చాపలు పరిచి ప్రార్థన కూటం పెట్టేవారు. ముందు మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు... ఇళ్ళలో పని చేసే ఆంటీలు ఆ పూటకు సెలవు అడుక్కుని వచ్చేవారు.

మా కూటంలో ఆడవాళ్ళు మాట్లాడకూడదు. పాడవచ్చు. తర్జుమా చేయవచ్చు... అవి మన మాటలు కావు కనుక.

నేను కాన్వెంటు పిల్లను. ఇంగ్లీషు ప్రసంగీకులు వస్తే పక్కన నిలబడి తెలుగులో చెప్పే పని నాది. నలుగురిలో నోరు విప్పలేని నాకు ఆ పని హాయిగా ఉండేది. మంచి మాటైనా చెడ్డ మాటైనా నాది కాదు కదా...

అక్క పన్నెండో తరగతి ముగించిన ఏడాది అది. హైదరాబాద్‌లో లా చదువుతానంది. "ప్రార్థన చేద్దాం" అన్నారు నాన్న. మా ఇంట్లో ఆ మాటకు వద్దు అని అర్థం. రాజోలులో ఒక పాస్టరుగారి తమ్ముడి సంబంధం అప్పటికే మాటల్లో ఉంది. అక్క మళ్ళీ అడిగింది... మళ్ళీ ప్రార్థనే.

అప్పుడు అక్క పాట రాసింది. ఇంగ్లీషులో.

తల మీద చున్నీ వేసుకుని, కళ్ళు మూసుకుని, కూటంలో తీయగా పాడింది. నాన్నకు డ్యూటీకి సరిపడా ఇంగ్లీషు వచ్చు. ఫాదర్, హోమ్, పీస్, ఒబే... ఆ మాటలు చెవిన పడుతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది.

"మా పెద్దమ్మాయి సొంతంగా రాసిందండి. ఆంటీలకూ అర్థం కావాలిగా... చిన్నీ, ఇలా రామ్మా, తర్జుమా చెయ్యి" అన్నారు.

పాటలో ఏముందో ఆ హాలులో తెలిసింది మా ఇద్దరికే. నాన్నకు తెలిస్తే చదువు మాట ఇక ఎత్తనివ్వరనీ తెలుసు. అక్క వైపు చూశాను.

"ఉన్నది ఉన్నట్టే చెప్పవే" అంది మెల్లగా.

ఆమె ఒక పాదం పాడింది, నేను ఒక పాదం చెప్పాను.

"మా ఇంట్లో ఎంత శాంతి... మాట్లాడే నోరు ఒక్కటే."

"మా ఇంటికి శిరస్సు నాన్న... మా తలలు ముసుగు వేసుకోవడానికి."

"అమ్మ నగలు దేవుడికి ఇష్టం లేదు... అవి అమ్మి కొన్న కారు మాత్రం ఇష్టమే."

"నా బతుకు గురించి దేవుడు నాతో మాట్లాడడు... నాన్నకు ఫోన్ చేస్తాడు."

వెనక వరసలో సువార్తమ్మ ఆంటీ ఫక్కున నవ్వింది. గలాలీలో ఒక ఇంట్లో వంట చేసేదావిడ. "మా ఆయనక్కూడా అలాగే సేత్తాడమ్మా ఫోను" అంది పక్కావిడతో. కొంగులన్నీ నోళ్ళకు అడ్డం వెళ్ళాయి. అమ్మ తల దించుకుంది. భుజాలు కదులుతున్నాయి... నవ్వో ఏడుపో ఇప్పటికీ నాకు తెలియదు.

నాన్న మైకు తీసుకున్నారు. గొంతులో కోపం లేదు.

"విన్నారా ప్రియులారా... పేరుకు విశ్వాసులు, ఇంట్లో మాత్రం లోకస్థులు. అలాంటి కుటుంబాలు ఎలా ఉంటాయో మా అమ్మాయి ఎంత చక్కగా చూపించిందో. ఇది వాళ్ళకు హెచ్చరిక."

ఒక్కో పాదానికీ బైబిల్లోంచి ఒక్కో వాక్యం చదివి వినిపించారు. అందరూ ఆమెన్ అన్నారు. సువార్తమ్మ ఆంటీ కూడా.

"కాదు నాన్నా, ఇది మన..." అంటూ అక్క ముందుకు వచ్చింది.

"కూర్చో అమ్మా. పాట అయిపోయిందిగా" అన్నారు.

అంతే. పాట అయిపోయాక ఆడపిల్ల మాట్లాడకూడదు.

ఇంట్లో ఆయన అరవలేదు. అక్క పుస్తకాలు అట్టపెట్టెలో సర్దించి, "ప్రార్థనకు జవాబు వచ్చింది" అన్నారు. ఆ వేసవిలోనే రాజోలులో అక్క పెళ్ళి.

ఇప్పుడు ఆ కూటం పెద్దదైంది. పాటలు తెర మీద రెండు భాషల్లోనూ వస్తాయి, పక్కన నిలబడి చెప్పే పిల్ల అక్కర్లేదు. అక్క పాట ఇంకా పాడుతున్నారు... నా తర్జుమాతో, నాన్న అర్థంతో. రాజోలు సంఘంలో ఆడవాళ్ళకు అక్కే నేర్పుతోందట.

మొన్న ఫోన్‌లో అడిగాను... "ఏ అర్థం చెప్పి నేర్పుతున్నావక్కా?"

"అర్థం మా ఆయన చెబుతారు. నేను పాడతానంతే" అంది.

మీ ఇంట్లో మీ మాటకు అర్థం ఎవరు చెప్పేవారు... గుర్తుంటే రాయండి.