కొవ్వు మాట్లాడుతుందని ఫోన్ చేసిన టీచరు

మా సైన్సు టీచరు పోయారని ఆవిడ చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను ల్యాబులో ఉన్నాను. పొద్దున పరగడుపున వచ్చినవాళ్ళ దగ్గర తీసిన రక్తం గొట్టాలు నా ముందు వరుసగా ఉన్నాయి. "నిద్దట్లోనే పోయింది పాపా. నిన్న సాయంత్రం కూడా బాగా మాట్లాడతానే ఉండె," అన్నదామె. ఫోన్ పెట్టేసి చేతిలో ఉన్న గొట్టం మీది చీటీ చదివాను. థైరాయిడ్ పరీక్ష. ముఖం కూడా తెలియని ఎవరిదో ఒళ్ళు ఎంత జోరుగా నడుస్తోందో కాసేపట్లో నేను చెప్పాలి. ఈ పని మీద నాకు ప్రేమ పుట్టించింది ఆ టీచరే. ఏడుపు వస్తుందనుకున్నాను. ముందుగా చెవిలో మోగింది మాత్రం ఆవిడ కేక: "ఎంత బాగుండాదో చూడండే!"

తొండియార్‌పేటలోని మా తెలుగు బడికి ఆవిడ చింతాద్రిపేట నుంచి బస్సులో వచ్చేవారు. మాలో ఎక్కువమంది హార్బరులో బరువులు మోసేవాళ్ళ పిల్లలు, చేపలమ్మేవాళ్ళ పిల్లలు. ఆవిడ పాఠం క్లాసులోకి రాకముందే వరండాలో మొదలైపోయేది. అన్నం గంటకు ముందు ఎవరి కడుపైనా గుర్రుమంటే మేము కిసుక్కున నవ్వేవాళ్ళం. ఆవిడ ఊరుకునేవారు కాదు. "నవ్వొద్దండే! లోపల కబురు పుట్టింది. ఎవరు పంపినారో, ఎవరికి పోతాదో తెలుసుకోవాల గదా?" హార్మోనుకు ఆవిడ పెట్టుకున్న పేరు కబురు. బోర్డు మీద 'వినాళ గ్రంథులు' అని గుండ్రంగా రాసి, "పరీక్షలో ఇట్లా రాయండి. అర్థం కావాలంటే కబురు పంపేవి అనుకోండి," అనేవారు.

తొమ్మిదో తరగతిలో నేను చిక్కిపోసాగాను. ఇంట్లో అందరికన్నా ఎక్కువ తినేదాన్ని, అయినా పావడా నడుం మీద నిలిచేది కాదు. చెంబులకు చెంబులు నీళ్ళు తాగేదాన్ని. క్లాసులో బయటికి వెళ్తానని మాటిమాటికీ చెయ్యెత్తేదాన్ని. మా అవ్వ దిష్టి తీసింది, ఇంకో గరిటె అన్నం వేసింది.

ఒకరోజు నేను చెయ్యెత్తగానే టీచరు సుద్దముక్క కింద పెట్టేశారు.

"ఏమే, ఈ పొద్దు ఇది ఎన్నో తూరి?"

"నాలుగోది టీచర్."

"రాత్రి కూడా లేస్తా ఉండావా?"

"ఆమా టీచర్," అని తలూపాను.

ఆ మధ్యాహ్నమే మా అమ్మను పిలిపించి, ఇద్దరినీ ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నా క్లోమంలో ఇన్సులిన్ తయారవడం దాదాపు ఆగిపోయిందనీ, బతికినన్నాళ్ళూ సూది వేసుకోవాలనీ డాక్టరు చెప్పారు.

సూది మొదలైన కొన్ని వారాలకే నా బుగ్గలు నిండాయి. ముప్పు అక్కడే వచ్చింది. "పిల్ల బాగైపాయె. ఇంకా సూదులెందుకు? అలవాటైతే విడవదు," అని అవ్వ పట్టుబట్టి సూది మాన్పించింది. ఎవరో ఇచ్చిన చూర్ణం తేనెలో కలిపి నాకించింది. రెండో రోజుకు వాంతులు. మూడో రోజుకు లేచి కూర్చోలేకపోయాను. బడికి రాలేదని టీచరు నేరుగా ఇంటికి వచ్చేశారు. నా ముఖం మీదికి వంగి ఊపిరి వాసన చూశారు. మరీ మాగిన పండు వాసన వస్తోందట. "ఇంక ఒక్క నిమిషం ఈడ ఉండకూడదు!" అంటూ ఆ సన్నటి మనిషి నన్ను రెండు చేతులతో ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తారు. ఆ ఊపు నాకిప్పటికీ గుర్తుంది.

బతికి ఇంటికి వచ్చాను. ఆ రోజు టీచరు అవ్వ పక్కన నేల మీద కూర్చున్నారు. చీవాట్లు పెడతారనుకున్నాం.

"అవ్వా, తిన్న అన్నం సక్కెరై రక్తంలోకి పోతాది. ఆడి నుంచి కండలోకి పోవాల. పొమ్మని చెప్పే కబురే ఇన్సులిన్. ఈ పిల్ల ఒంట్లో ఆ కబురు పుట్టడంలేదు. రక్తం నిండా సక్కెర ఉండాది, కండ మాత్రం పస్తు. గతిలేక ఒళ్ళు తన కొవ్వునే కరిగించుకుంటాది. అది మితం మీరితే రక్తం పులిసి ప్రాణం మీదికొస్తాది. సూది ఒక్కటే ఆ కబురు."

అవ్వ నా బుగ్గలు తడిమింది. "అట్లయితే నేను పెట్టిన అన్నమంతా?"

"ఒంటికి పట్టలేదు అవ్వా. ఒంటేలులో పోయింది."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా చేత్తోనే పిల్లను చంపుకునేదాన్ని టీచరమ్మా."

"నువ్వు ఆకలి చూసి అన్నం పెట్టినావు. ఇంకమీద కబురు కూడా నువ్వే పంపు."

మర్నాటి నుంచి సూది వేళ గుర్తుచేసేది అవ్వే. మందు సీసాను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో దాచి, మా నాన్నను కూడా దాని దగ్గరికి రానిచ్చేది కాదు.

బడికి తిరిగి వెళ్తే నా పక్కన కూర్చునే స్టెల్లా బెంచీ మారిపోయింది. అంటుకుంటుందని వాళ్ళమ్మ భయపెట్టిందట. టీచరు అది చూశారు. మర్నాడు బెంచీలన్నీ గోడకు జరిపించి, క్లాసు మొత్తాన్ని ఒక ఒళ్ళు చేసేశారు. పదిమంది చక్కెర. మూలన చేతులు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు కాలేయం. ఒకమ్మాయి థైరాయిడ్, చప్పట్లు కొట్టడం దాని పని. చప్పట్లు జోరందుకుంటే అందరమూ చకచకా నడవాలి, నెమ్మదిస్తే చలికి ముడుచుకున్నట్టు ఈడ్చుకుంటూ నడవాలి. స్టెల్లాను కండ చేసి, తల వంచుకుని కూర్చోబెట్టారు. నా వైపు తిరిగి, "నువ్వు ఇన్సులిన్," అన్నారు.

చక్కెర పిల్లలు స్టెల్లా చుట్టూ ఎంత తిరిగినా లోపలికి దారి లేదు. నేను వెళ్ళి భుజం తాకాలి. నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. స్టెల్లా తలెత్తి చూసింది. "తాకవే," అన్నది నెమ్మదిగా. తాకాను. నా చెయ్యి పట్టుకుని వదలలేదు. చక్కెర పిల్లలందరూ కేకలు వేస్తూ దాని మీద పడ్డారు. అన్నం అరిగిపోయిందని టీచరు చెప్పగానే గ్లూకగాన్ అనే కబురు వేషంలో ఒకమ్మాయి వచ్చి, దాచిన చక్కెరను వదలమని కాలేయం చెవిలో చెప్పింది. "కుక్క తరుముతా ఉండాది!" అని భయం కబురు అడ్రినలిన్ వేషంలో ఉన్న పిల్ల అరిచేసరికి కాలేయం ఉన్నదంతా బయటికి తోసేసింది. ఆ గోలకు హెడ్‌మాస్టరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. "ఒక్క నిమిషం సార్, కుక్క పోనీండి!" అన్నారు టీచరు వగరుస్తూ.

ఆవిడ రిటైరై, మాకు పిల్లలు పుట్టాక ఒక ఉదయం ఫోన్ వచ్చింది.

"పాపా, నేను మీకు తప్పు చెప్పినా."

భయపడ్డాను. "ఏం తప్పు టీచర్?"

"కొవ్వు అంటే దాచిపెట్టిన మూట, దానికి నోరు లేదని చెప్పినా గదా? నోరు ఉండాది! ఇంత నిల్వ ఉండాదని మెదడుకి కబురు పంపతాదంట. లెప్టిన్ అంట దాని పేరు. కడుపేమో గ్రెలిన్ పంపి ఆకలి లేపతాదంట. ఇన్నాళ్ళూ మనకి తెలీనే తెలీదే!"

తప్పు చెప్పానన్న మాటను అంత సంబరంగా చెప్పిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నంబరు దొరికిన పాత పిల్లలందరికీ ఒక్కొక్కరుగా ఫోన్ చేసి పాఠం దిద్దారు. లావుగా ఉంటుందని నలుగురిలో మాటలు పడే స్టెల్లాతో గంటసేపు మాట్లాడారట. "పస్తుండి సన్నబడితే లెప్టిన్ తగ్గతాది. కరువొచ్చిందనుకుని మెదడు ఆకలి పెంచతాది, ఖర్చు తగ్గిస్తాది. మళ్ళీ లావైతే నీకు బుద్ధి లేదని కాదే. నీ ఒళ్ళు నిన్ను కాపాడుకుంటా ఉండాది," అన్నారట. తన ఒంటిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి అని స్టెల్లా నాతో చెప్పి ఏడ్చింది.

రెండు నెలల క్రితం ఆవిడను చూడ్డానికి వెళ్ళాను. మనిషి బాగా తగ్గిపోయారు, మాట జోరు మాత్రం తగ్గలేదు. తిరిగి వస్తుంటే చింతాద్రిపేట రైలు స్టేషను దాకా వస్తానన్నారు. మెట్లెక్కొద్దని ఎంత చెప్పినా వినలేదు. నా భుజం పట్టుకుని, ఆగి ఆగి, ప్లాట్‌ఫారం దాకా ఎక్కేశారు. రైలు వచ్చింది. ఎక్కి కిటికీలోంచి చూశాను. చెయ్యి ఊపుతారేమో అనుకున్నాను. ఆవిడ నావైపు చూడ్డమే లేదు. ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు ఆనించి, పరుగెత్తుతున్న తన నాడిని పెదవులతో లెక్కపెట్టుకుంటున్నారు. ముఖమంతా నవ్వు. రైలు కదిలింది. ఆవిడ ఇంకా లెక్కపెడుతూనే ఉన్నారు.